రొయ్యల గాజు గోళం రివ్యూ: నాలుగు రొయ్యలు, అరలీటరు గాజు, లోపలి శక్తి లెక్క

గాలి చొరకుండా మూసేసిన గాజు గోళం. అందులో కాస్త ఉప్పగా ఉండే నీళ్లు, అడుగున గులకరాళ్లు, ఓ నాచు ముద్ద, ఎండిన పగడపు కొమ్మ, నాలుగు ఎర్ర రొయ్యలు. మేత వెయ్యక్కర్లేదు, నీళ్లు మార్చక్కర్లేదు, పంపు అక్కర్లేదు. రకరకాల పేర్లతో అమ్ముడుపోయే ఈ వస్తువు అట్టపెట్టె మీద రెండు మాటలు తప్పకుండా కనిపిస్తాయి: ‘సంపూర్ణ ఆవరణ వ్యవస్థ’, ‘శక్తి చక్రం మీ బల్ల మీద’. మొదటిది చాలావరకు నిజమే. రెండోది శుద్ధ తప్పు. శక్తి చక్రంలా తిరగదు. తిరుగుతుందని నమ్మినవాళ్లు గోళాన్ని అల్మరాలో అందంగా అమర్చి, వెలుతురు సంగతి మర్చిపోతారు. కొన్ని నెలలకు రొయ్యలు ఒక్కొక్కటే రాలిపోతాయి.

ఇక్కడ చూస్తున్నది 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న మధ్యరకం గోళం. ఆ పరిమాణానికి లోపలి చోటు సుమారు 520 మి.లీ. అందులో మూడింట రెండు వంతులు, అంటే 350 మి.లీ. నీళ్లు, మిగతా 170 మి.లీ. గాలి. పెట్టెలో గోళంతో పాటు ఓ కర్ర పీట, లోపలి గాజు గీకడానికి అయస్కాంతాల జత, ఉష్ణోగ్రత చూపే అంటింపు పట్టీ, చిన్న పుస్తకం, ఆహార గొలుసు ఆట కార్డులు ఉంటాయి. గోళం బాగుంది. పుస్తకం, కార్డులే గోళం పరువు తీశాయి. ఆ ముచ్చట తర్వాత.

ఇలాంటి మూసిన గాజుపాత్రల పని కొత్తది కాదు. హవాయి విశ్వవిద్యాలయంలో క్లెయిర్ ఫోల్సమ్ 1960ల చివర్లో సూక్ష్మజీవులు, నాచు ఉన్న సముద్రపు నీటిని ఫ్లాస్కుల్లో పోసి మూసేసి, వెలుతురు తగిలితే చాలు, అవి ఏళ్ల తరబడి బతకడం చూపించాడు. తర్వాత నాసా జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాలలో జో హాన్సన్ ఆ పద్ధతిలోనే రొయ్యలను కూడా చేర్చాడు. ఇప్పుడు అమ్మే గోళాలు దాని వారసులే. లోపల ఉండే రొయ్య హాలోకారిడినా రూబ్రా. హవాయి దీవుల్లో సముద్రానికి దగ్గరగా, లావా రాతి గుంటల్లో ఊరే ఉప్పు కలిసిన నీళ్లలో ఉంటుంది. సెంటీమీటరు దాటితే పెద్దదే. నీటి ఉప్పదనం, ఉష్ణోగ్రత అటూ ఇటూ మారినా తట్టుకుంటుంది, ఆకలికి అంతకంటే బాగా తట్టుకుంటుంది. తయారీదారులు దీన్నే ఎందుకు ఎంచుకున్నారంటే అసలు కారణం అదే. మంచి తొట్టిలో పదేళ్లు దాటి బతికే జీవి ఇది. గోళంలో రెండు మూడేళ్లు బతికితే ‘విజయం’ అని పెట్టె మీద రాస్తున్నారు. ఆ తేడా ఎక్కడ పోయిందో లెక్క వేసి చూడొచ్చు.

గోళంలోకి వెళ్లేది వెలుతురు ఒక్కటే. బయటికొచ్చేది వేడి ఒక్కటే. కిటికీకి కాస్త దూరంగా, ఎండ నేరుగా తగలని చోట పగటిపూట వెలుతురు 500 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలిచే ప్రమాణం) ఉందనుకోండి. తెల్లటి వెలుతురుకి అది చదరపు మీటరుకు సుమారు 1.6 వాట్లు. గోళం అడ్డకోత వైశాల్యం 0.0079 చదరపు మీటర్లు, కాబట్టి దానిమీద పడేది 13 మిల్లీవాట్ల లోపే. రోజుకు 12 గంటలు పడితే దాదాపు 540 జౌళ్ల శక్తి. ఇందులో నాచు చక్కెరగా మార్చగలిగేది నూటికి ఒక వంతు అనుకుంటే 5.4 జౌళ్లు. దాంట్లో సగానికి పైగా నాచు తన శ్వాసక్రియకే ఖర్చు పెట్టుకుంటుంది. రోజుకు తినడానికి మిగిలేది రెండున్నర జౌళ్లు, అంతే.

ఇప్పుడు ఖర్చు వైపు. 30 మిల్లీగ్రాముల రొయ్య ఊరికే కూర్చుని ఊపిరి పీల్చుకోవడానికి రోజుకు 0.1 మి.గ్రా. పైచిలుకు ఆక్సిజన్ వాడుతుంది. ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్ ఖర్చయితే దాదాపు 14 జౌళ్ల ఆహారం కరిగినట్టు. అంటే రొయ్యకు ఒకటిన్నర జౌల్, నాలుగింటికి ఆరు. రాబడి రెండున్నర, ఖర్చు ఆరు. లెక్క మోటుదే, ఏ అంకె అయినా రెట్టింపో సగమో అటూ ఇటూ కావచ్చు. అయినా లోటు ఎటువైపు ఉందో తెలియడానికి ఇది చాలు. నాచు మొత్తాన్ని ఒక్క ముక్క వదలకుండా రొయ్యలే తింటాయని కూడా ఇక్కడ ఉదారంగా ఒప్పుకున్నాం. నిజానికి బాక్టీరియా తన వాటా ముందే తీసుకుంటుంది.

మరి లోటులో ఉన్న రొయ్యలు నెలల తరబడి ఎలా బతుకుతున్నాయి? గోళం మూసేటప్పుడు రాళ్ల మీద, పగడపు కొమ్మ మీద పేరుకుని ఉన్న సేంద్రియ పదార్థం నిల్వగా ఉపయోగపడుతుంది. రొయ్య కూడా కదలిక తగ్గించి ఖర్చు కుదించుకుంటుంది. వెలుతురు 1,200–1,500 లక్స్‌కి పెంచితే రాబడి కూడా ఆరేడు జౌళ్లకు చేరి పద్దు సరిపోతుంది. అందుకే ఈ వస్తువు బాగుందా లేదా అన్న ప్రశ్నకు మొదటి జవాబు: రెండు రొయ్యలున్న గోళం బాగుంది, నాలుగున్నది బాగాలేదు. పది సెంటీమీటర్ల గోళంలో ఆరు రొయ్యలు వేసి ‘సందడిగా ఉంటుంది’ అని అమ్మేవాళ్లూ ఉన్నారు. అది కొనకండి.

ఇదే లెక్కను ఇంకో మెట్టు పైకి తీసుకెళ్తే గోళంలో చేప ఎందుకు లేదో కూడా తేలిపోతుంది. రొయ్యలు తిన్న రెండున్నర జౌళ్లలో పదో వంతు కండగా మారిందనుకుంటే పావు జౌల్. మూడొందల మిల్లీగ్రాముల చేపపిల్లకు రోజుకు పాతిక జౌళ్లకు తక్కువ కాకుండా కావాలి. ఆ ఒక్క చేపకు ఇలాంటి గోళాలు వంద కావాలి, పైగా వాటిలో పెరిగిన రొయ్య కండంతా దానికే పోవాలి. ఆహార గొలుసు నాలుగైదు మెట్లకు మించి పొడుగు ఎందుకు సాగదో చెప్పడానికి ఇంతకంటే సూటైన వస్తువు దొరకదు. తరగతిలో వాడేవాళ్లు పుస్తకం పక్కన పెట్టి ఈ లెక్క పిల్లలతో చేయించండి.

పదార్థం సంగతి వేరు. అది తిరుగుతుంది. గోళంలోని 170 మి.లీ. గాలిలో మామూలుగా ఉండే కార్బన్ డయాక్సైడ్ 0.07 మి.లీ. మాత్రమే. నీళ్లలో బైకార్బొనేట్‌గా కరిగి ఉన్నది కలుపుకున్నా, రొయ్యలూ బాక్టీరియా వదిలే కార్బన్ డయాక్సైడ్ తిరిగి అందకపోతే నాచు పెరుగుదల ఆగిపోతుంది. రొయ్య విసర్జించే అమ్మోనియాని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. నాచు అమ్మోనియానీ నైట్రేట్‌నీ రెండిటినీ పీల్చుకుంటుంది. అదే కార్బన్ పరమాణువు, అదే నైట్రోజన్ పరమాణువు ఎన్నిసార్లైనా తిరగొచ్చు. వెలుతురుగా లోపలికొచ్చిన జౌల్ మాత్రం ఒక్కసారి వేడిగా మారి గాజు దాటిందంటే మళ్లీ రాదు. ఈ రెండింటి తేడా పుస్తకంలో ఒక్క వాక్యంలో కూడా లేదు.

కొనేముందు అందరూ రొయ్యల రంగు చూస్తారు. చూడాల్సింది గాలి ఖాళీ. 25 డిగ్రీల దగ్గర ఇలాంటి నీళ్లలో లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 350 మి.లీ.లో 2.6 మి.గ్రా. పైనున్న గాలిలో ఎంతుంది? 170 మి.లీ.లో ఐదో వంతు ఆక్సిజన్, దాని బరువు 47 మి.గ్రా. నీళ్లలో ఉన్నదానికి 18 రెట్లు! ఆరోగ్యంగా ఉన్న రొయ్యలు నాలుగూ రాత్రంతా పీల్చేది నీటి నిల్వలో పదో వంతు చుట్టూ ఉంటుంది కాబట్టి దానితో ప్రమాదం లేదు. ప్రమాదం చావుతో వస్తుంది. 30 మిల్లీగ్రాముల రొయ్య ఒకటి చచ్చి పూర్తిగా కుళ్లడానికి సుమారు 7 మి.గ్రా. ఆక్సిజన్ కావాలి. నీళ్లలో ఉన్నదంతా ఖర్చయినా చాలదు. పైన గాలి ఉంటే అది నెమ్మదిగా దిగి సర్దుతుంది. కొన్ని చవకరకం గోళాల్లో చూడ్డానికి బాగుంటుందని అంచుదాకా నీళ్లు నింపేస్తారు. వాటిలో ఒక్క రొయ్య పోతే మిగతావి కూడా దాని వెనకే పోతాయి. మూడో వంతు ఖాళీ లేని గోళం ఎంత అందంగా ఉన్నా వదిలెయ్యండి.

ఇదే తప్పు మహా పెద్ద ఎత్తున కూడా జరిగింది. అమెరికాలోని అరిజోనాలో బయోస్ఫియర్ 2 అనే 1.27 హెక్టార్ల మూసిన కట్టడంలోకి 1991 సెప్టెంబరులో ఎనిమిది మంది వెళ్లారు. పదహారు నెలల్లో లోపలి ఆక్సిజన్ 20.9 శాతం నుంచి 14.2 శాతానికి పడిపోయింది. బయటి నుంచి ఎక్కించాల్సి వచ్చింది. మట్టిలో సేంద్రియ పదార్థం మరీ ఎక్కువగా వేశారు. దాన్ని తినే సూక్ష్మజీవులు ఆక్సిజన్ లాగేశాయి. అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని మొక్కలు తిరిగి ఆక్సిజన్‌గా మార్చేలోపే కట్టడంలోని కాంక్రీటు పీల్చుకుని సున్నపురాయిగా మార్చేసింది. గోళం అడుగున నల్లటి బురద దట్టంగా ఉన్న రకాలు చూసినప్పుడు ఇది గుర్తు చేసుకోండి. కడిగిన గులకరాళ్లున్నదే మేలు.

ఇంటికి చేరాక పెట్టె తెరవడం పెద్ద పనేం కాదు, తొందరపడకపోతే చాలు. దారిలో గోళం చీకట్లో ఉండి వస్తుంది. ఒక్కసారిగా ఎండ వెలుతురులో పెట్టొద్దు. మొదటి రోజు మసక గదిలో ఉంచి, రొయ్యలు లెక్కపెట్టి, నీటిమట్టం దగ్గర గాజు మీద సన్నటి మార్కర్‌తో గీత గీయండి. ఆ గీత తర్వాత చాలా చెబుతుంది. రెండో రోజు నుంచి స్థిరమైన చోట పెట్టండి. ఎండ నేరుగా పడకూడదు: గుండ్రటి గాజు, దానిలో నీళ్లు, భూతద్దంలా ఒకచోట వేడిని కూడగడుతుంది, లోపలి నీరు గంటలో చెయ్యి పెట్టలేనంత కాకపోయినా రొయ్య భరించలేనంత వేడెక్కుతుంది. కిటికీ వెలుతురు రోజురోజుకీ మారుతుంది కాబట్టి 3 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ దీపం, దానికో టైమర్ పెట్టడం మేలు. 30 సెం.మీ. దూరంలో అలాంటి దీపం 400–500 లక్స్ ఇస్తుంది. 18 సెం.మీ.కి దగ్గరకు జరిపితే దాదాపు మూడు రెట్లు, ఎందుకంటే వెలుతురు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. రోజుకు 10 నుంచి 12 గంటలు. ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్ ఉజ్జాయింపుకు పనికొస్తుంది.

ఉష్ణోగ్రత గురించి పుస్తకం ‘గది ఉష్ణోగ్రత’ అని ఊరుకుంది. ఇరవై నుంచి 25 డిగ్రీల మధ్య ఉంచండి. దీని వెనక కారణం తెలుసుకుంటే గోళం సగం అర్థమైనట్టే. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రొయ్య, బాక్టీరియా, నాచు అన్నిటి శ్వాస ఖర్చూ దాదాపు రెట్టింపవుతుంది. నాచు రాబడి మాత్రం పెరగదు, మసక వెలుతురులో దానికి కొరత వేడిది కాదు, కాంతిది. పైగా దాని సొంత ఖర్చు పెరిగి రొయ్యలకు మిగిలేది ఇంకా తగ్గుతుంది. చీకటి మూల, వేడి గది: ఈ జోడీ గోళానికి అన్నిటికంటే చెడ్డది. టీవీ పైన, ఫ్రిజ్ పక్కన, రౌటర్ వేడి తగిలే అరలో పెట్టినవి ఇలాగే పోతాయి. చల్లటి గదిలో మసక వెలుతురున్నా రొయ్యలు నీరసంగానైనా నెట్టుకొస్తాయి.

రొయ్య అసలు ఏం తింటుందో దగ్గరగా చూడండి, చేతిలో భూతద్దం ఉంటే ఇంకా మంచిది. నాచు ముద్దను ఆకు కొరికినట్టు కొరకదు. ముందుకాళ్ల చివర కుచ్చుల్లా ఉన్న సన్నటి వెంట్రుకలతో రాయినీ గాజునీ ఊడ్చి, ఊడ్చినదాన్ని నోటికి అందిస్తూ ఉంటుంది, ఆగకుండా, కుట్టుమిషన్ పాదంలా. అది ఊడ్చేది జిగట పొర: బాక్టీరియా, ఏకకణ నాచు, డయాటములు (గాజులాంటి పెంకున్న సూక్ష్మ నాచు), వాటి నుంచి కారిన జిగురు, చచ్చిన ముక్కలు. కంటికి కనిపించే పచ్చటి పోగు నాచును దాదాపు ముట్టుకోదు. అందుకే గోళంలో నాచు దట్టంగా ఉండి కూడా రొయ్యలు ఆకలితో పోవడం విచిత్రం కాదు.

పుస్తకంలో బాక్టీరియాకి ఓ మూల చిన్న బొమ్మ, ‘శుభ్రం చేసేవి’ అని పేరు. ఇది అన్యాయం. ఆవరణ శాస్త్రవేత్త హోవర్డ్ ఓడమ్ 1957లో ఫ్లోరిడాలోని సిల్వర్ స్ప్రింగ్స్ ఊటనదికి శక్తి పద్దు రాశాడు. ఏడాదికి చదరపు మీటరుకు పడే ఎండ సుమారు 17 లక్షల కిలోకేలరీలు, మొక్కలు పట్టింది 20,810. అందులో శాకాహారులకు చేరింది 3,368. వాటిని తినేవాటికి 383. ఆ పైమెట్టుకు 21. ఇవి అందరూ చెప్పుకునే అంకెలే. వదిలేసేది ఇంకోటుంది: చచ్చినవాటిని కుళ్లబెట్టే విచ్ఛిన్నకారుల (బాక్టీరియా లాంటివి) చేతిలో పడింది 5,060, శాకాహారుల వాటా కంటే ఎక్కువ. గోళంలో కూడా ఇదే తీరు. పచ్చటి నాచు నుంచి రొయ్యకు నేరుగా ఒక దారి, నాచు చచ్చి బాక్టీరియాగా మారి ఆ బాక్టీరియా రొయ్యకు చేరే రెండో దారి. రెండోదే లావు. ఆ జిగట పొరను చూసి ‘మురికి పట్టింది’ అని అయస్కాంతంతో గాజంతా మెరిసేలా గీకేస్తే రొయ్యల కంచం ఖాళీ చేసినట్టు. చూడ్డానికి ముందువైపు అరచేయి వెడల్పు గీకి, మిగతాది వదిలేయాలి.

అయస్కాంతం ప్రస్తావన వచ్చింది కాబట్టి చెప్పాలి, ఈ సెట్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన భాగం అదే. బలమైన నియోడిమియం అయస్కాంతాలకు మామూలుగా నికెల్, రాగి, మళ్లీ నికెల్ పూత ఉంటుంది. ఉప్పునీటిలో పూత ఎక్కడైనా చిట్లితే లోపలి లోహం తుప్పు పడుతుంది, రాగి నీళ్లలోకి దిగుతుంది. రొయ్యజాతికి రాగి విషం, అతి కొద్దిగా చాలు. మూసేసిన గోళంలో దాన్ని బయటికి తీసే దారే లేదు. లోపలి అయస్కాంతం పూర్తిగా ప్లాస్టిక్ తొడుగులో ఉంటేనే కొనండి. గోధుమరంగు చుక్క కనిపించిందా, తిరిగి పంపేయండి. వాడేటప్పుడు దాన్ని అడుగు రాళ్ల దగ్గరకు దింపొద్దు, మధ్యలో ఇసుక రేణువు ఇరుక్కుంటే గాజు మీద గీత శాశ్వతం.

కార్డుల ఆట దగ్గరకొద్దాం. బొమ్మలు బాగున్నాయి, అచ్చు బాగుంది, అట్ట మందంగా ఉంది. విషయమే తప్పు. ఆహార గొలుసులో బాణం తిండి నుంచి తినేదాని వైపు పోవాలి, ఎందుకంటే అది శక్తి వెళ్లే దారి. ఇక్కడ సగం కార్డుల్లో రొయ్య నుంచి నాచు వైపు గీశారు. పిల్లల మెదడులో ఒకసారి తిరగబడిన బాణాన్ని సరిచేయడం చాలా కష్టం. రెండో తప్పు, ‘ప్రతి మెట్టులో సరిగ్గా 10 శాతం’ అని కొట్టొచ్చినట్టు వేశారు. పది అనేది గుర్తుపెట్టుకోడానికి వీలైన సగటు. పైన చెప్పిన సిల్వర్ స్ప్రింగ్స్ పద్దులోనే భాగించి చూడండి: మొదటి మెట్టు 16 శాతం, రెండోది 11, మూడోది 5కి కాస్త పైన. మెట్టు మెట్టుకీ పోషక స్థాయిల మధ్య శక్తిని ఇలా లెక్కగట్టే పద్ధతికి పునాది వేసిన రేమండ్ లిండెమన్ 1942 వ్యాసం కూడా సరస్సు మీద కొలిచి రాసిందే, నోటి సూత్రం కాదు.

మూడో తప్పు జీవద్రవ్యరాశి (ఒక్కో మెట్టులోని జీవుల మొత్తం బరువు) పిరమిడ్ కార్డులో ఉంది. ‘అడుగు ఎప్పుడూ వెడల్పు’ అట. ఇంగ్లిష్ చానల్‌లో చదరపు మీటరుకు వృక్షప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మ నాచు) 4 గ్రాములు, వాటిని తినే జంతుప్లవకాలు (నీటిలో తేలే చిన్న జంతువులు) 21 గ్రాములు ఉన్న ఉదాహరణ ఎన్నో పాఠ్యపుస్తకాల్లో ఉంది. వృక్షప్లవకాలు రోజుల్లో రెట్టింపవుతూ, పుట్టినవి పుట్టినట్టే తినబడుతూ ఉంటాయి, ఏ క్షణంలో తూచినా తక్కువే కనిపిస్తాయి. తిరగబడనిది శక్తి పిరమిడ్ మాత్రమే. విశేషం ఏమిటంటే ఈ గోళం లోపలే, జిగట పొరను మేసే రొయ్యల వైపు చూస్తే అలాంటి తిరగబడిన బరువే కనిపించే వీలుంది. చేతిలో ఉదాహరణ పెట్టుకుని కార్డులో తప్పు రాసుకున్నారు!

ఇక గోళం చెడేటప్పుడు కనిపించే గుర్తులు. రొయ్య ఎరుపు తగ్గి పాలిపోతే ఏదో ఒత్తిడిలో ఉంది: వేడి, కుదుపు, అమ్మోనియా. ఒక పూట పాలిపోయి మళ్లీ ఎర్రబడితే ఖంగారు అక్కర్లేదు. వారాల తరబడి పాలిపోయి ఉంటే వేరే సంగతి. ఆ ఎరుపు కెరోటినాయిడ్ రంగు, రొయ్య దాన్ని సొంతంగా తయారు చేసుకోలేదు, నాచు నుంచే రావాలి. అప్పుడు మొదట అనుమానించాల్సింది వెలుతురునే.

తెల్లగా పారదర్శకంగా, వీపు దగ్గర చీలి, తేలికగా కొట్టుకుపోయే ‘శవం’ కనిపిస్తే అది శవం కాదు, విడిచిన పెంకు. రొయ్యల్ని మళ్లీ లెక్కపెట్టండి. నిజంగా చచ్చినది పాలరంగుకో గులాబీరంగుకో తిరిగి, లోపల కండ కనిపిస్తూ ఉంటుంది. ఒక్కటి చచ్చి మొత్తం కుళ్లితే అందులోని నైట్రోజన్ 350 మి.లీ. నీళ్లకి లీటరుకు దాదాపు 2 మి.గ్రా. లెక్కన చేరుతుంది. ఒక్కసారే దిగితే అది మిగతావాటిని ఇబ్బంది పెట్టే మోతాదు. ఆ వారం దీపం రెండు గంటలు పెంచితే నాచు అమ్మోనియాని త్వరగా పీల్చుకుంటుంది. బతికున్న రొయ్యలు కూడా శవాన్ని కొంత తినేస్తాయి. గోళం కుదపొద్దు.

నీళ్లు పచ్చగా మబ్బుపడితే వెలుతురు ఎక్కువైంది. ఒక్కసారిగా చీకట్లో పెడితే ఆ నాచంతా చచ్చి కుళ్లి ఆక్సిజన్ తినేస్తుంది, మందుకన్నా రోగమే నయమనిపిస్తుంది. రోజుకు గంట చొప్పున తగ్గిస్తూ ఆరు గంటలకు తెచ్చి రెండు వారాలు ఆగండి. రాళ్లు అడుగు నుంచి నల్లబడుతున్నాయంటే అక్కడ ఆక్సిజన్ అయిపోయి, సల్ఫేట్‌ని వాడుకునే బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతున్నాయని అర్థం. చిన్న మచ్చ ఉంటే పర్లేదు. పొర మొత్తం నల్లబడితే గోళం ఆఖరి దశలో ఉంది. మొదటి రోజు గీసిన గీత కంటే నీటిమట్టం దిగిపోతుంటే మూత కారుతోంది, నీటి ఉప్పదనం పెరుగుతూ పోతుంది. కరిగించి అతికిన గాజులో ఈ బెడద ఉండదు, బిరడా పెట్టి జిగురు వేసిన రకంలో ఉంటుంది. లోపలి గోడ మీద నీటి బొట్లు మాత్రం తప్పు కాదు, గది కంటే నీళ్లు కాస్త వెచ్చగా ఉన్నాయంతే.

ఎవరు కొనాలి? పదార్థం తిరగడం, శక్తి తిరగకపోవడం అనే ఒక్క విషయాన్ని ఏడాది పాటు బల్ల మీద పెట్టుకుని చూడాలనుకునేవాళ్లు. గోళానికి ఐదుకు నాలుగు, పుస్తకానికి ఒకటి, కార్డులకు బొమ్మలు గీసినవాళ్ల కోసం ఒకటిన్నర. ప్రయోగాలు చేయించాలనుకునే ఉపాధ్యాయులకు మాత్రం ఇది సరైన వస్తువు కాదు: మూసేసినది, ఏదీ తీసి తూచలేరు, ఒక్కటే ఉంది కాబట్టి పోల్చి చూడలేరు, పిల్లల ఎదుట రొయ్యల్ని చీకట్లో పెట్టి చంపడం ప్రయోగం కాదు. వాళ్లకు మూడు లీటర్ల వెడల్పు మూతి సీసాలు రెండు చాలు. ఒక్కోదానిలో రెండు సెంటీమీటర్లు కడిగిన ఇసుక, ఒక రోజు నిలవబెట్టి క్లోరిన్ పోగొట్టిన నీళ్లు, 15 సెం.మీ. హైడ్రిల్లా కొమ్మలు మూడు, చెరువు పచ్చనీళ్లు ఓ గ్లాసు. పది రోజులు వెలుతురులో ఉంచాక ఒక్కోదానిలో 15 డాఫ్నియాలు (పచ్చనీళ్లలోని నాచును తినే చిన్న నీటి జీవులు) వేసి, మూతి మీద గుడ్డ కట్టండి. ఇంకో వారం తర్వాత ఒక సీసాకి రెండు పొరల కాగితం చుట్టి వెలుతురు తగ్గించండి. వారానికోసారి మెల్లగా కలిపి, వంద మిల్లీలీటర్లు చొప్పున మూడుసార్లు తీసి డాఫ్నియాలు లెక్కపెట్టి మళ్లీ పోసేయాలి. ముందు నీటి పచ్చదనం తగ్గుతుంది, కొన్ని రోజులు ఆలస్యంగా డాఫ్నియాలు తగ్గుతాయి. ఆ ఆలస్యమే పాఠం. డాఫ్నియాలు గులాబీరంగు తిరిగితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గిందని గుర్తు, అవి హిమోగ్లోబిన్ పెంచుకుంటున్నాయి.

గోళంలో ఆఖరి రొయ్య పోయాక వెంటనే పారేయకండి. నాచు, బాక్టీరియా ఇంకా ఏళ్లు సాగుతాయి, ఫోల్సమ్ ఫ్లాస్కులు అలాంటివే. రొయ్యలు పోయిన కొన్ని వారాల్లో గాజు మీద జిగట పొర మందమవడం కనిపిస్తుంది, మేసేవి లేకపోతే ఏమవుతుందో అదీ. ఇక వద్దనుకుంటే గోళాన్ని ఆరుబయట తెరవండి, రాళ్లు నల్లబడి ఉంటే కుళ్లిన గుడ్ల వాసన గ్యాస్ వస్తుంది. లోపలి నీళ్లని, నాచుని చెరువులోనో కాలువలోనో పోయొద్దు. ఐదు నిమిషాలు మరిగించి, చల్లారాక పారబోయండి.